గుర్రపు వెంట్రుకల ఉచ్చులు

నేను గిద్దలూరు పక్క పల్లెకు కాపురానికి వచ్చిన రెండో ఏడే కరువు పడింది. మా అత్త గుర్రపు తోక వెంట్రుకలు పేని కౌజుపిట్టలకు ఉచ్చులు అల్లేది. ప్రతి ఉచ్చునూ ముందు తన వేలికే బిగించి చూసుకునేది.

ఒకరోజు పొద్దున గుట్ట వాలున తల్లిపిట్ట ఒకటి చిక్కింది. చుట్టూ దాని పిల్లలు అరుస్తూ తిరుగుతున్నాయి.

"వదిలేద్దాం అత్తా," అన్నాను.

ఆమె అక్కడే చతికిలబడి పిట్టను ఉచ్చులోంచి తీసి చేతిలో పట్టుకుంది.

"ఇంట్లో పిల్లోళ్లు నిన్నటి నుంచి గంజి గూడా తాగలేదు గదమ్మా," అని చివరికి పిట్ట మెడ విరిచింది.

మరునాడు ఆ వాలులోని ఉచ్చులన్నీ పీకి మూటగట్టింది. రెండు మైళ్ల అవతలి గుట్టకు మారుస్తానంది.

"అంత దూరం ఎట్ల నడుస్తావు అత్తా?"

"ఆ పిట్టపిల్లలు ఈడనే తిరుగుతుంటాయి. అవి గూడా నా చేతిలోనే పడాల్నా? కాళ్లు నావే గదా, నొయ్యనీలే," అంటూ మోకాళ్లు పట్టుకుని లేచింది.