కొండ మీద తెల్ల రాయి

ఒక రాయి గురించి ఇన్నేళ్ళుగా నోరు మూసుకుని తిరుగుతున్నాను. అరచేతిలో పట్టేంత రాయి. ఇంత చిన్నదానికి ఇంత బరువేంటని నా మీద నాకే చిరాకు. ఇవాళ మీకు చెప్పేస్తాను.

కోవిడ్ మొదటి ఏడాది, నవంబరు. దేశం వదిలొచ్చి, టాలట్ అనే ఊళ్ళో ఒక తెలుగు ఆంటీ ఇంట్లో గది అద్దెకు తీసుకుని ఎంఎస్ చదువుతున్నాను. చదువంటే లాప్‌టాప్ ముందు కూర్చోవడమే. ఆంటీది గుంటూరు వైపు, ఇక్కడ ఓ వృద్ధాశ్రమంలో కేరర్. ఇల్లు దాటి ఐదు కిలోమీటర్లకు మించి వెళ్ళకూడదని రూల్. హైదరాబాద్ అంతా బైక్ మీద తిరిగినవాణ్ణి, పిచ్చెక్కిపోయింది. ఆ ఐదు కిలోమీటర్ల లోపల ఫోన్‌లో వీడియో తీయదగ్గది ఒక్కటే కనిపించింది: కొండ మీద, వేల ఏళ్ళ కిందటివాళ్ళు బండలు నిలబెట్టి, పైన ఇంకో బండ కప్పి కట్టిన సమాధి.

ఆ రోజు వెలుతురు బాగుంది. ఫ్రేమ్ పెట్టుకుంటే బండల మధ్య ఏదో తెల్లగా అడ్డం. పెయింట్ వేసిన రాయి. ముందు కరిగిపోయిన కొవ్వొత్తి, వాడిన చామంతులు. ఎవడో చెత్త చేశాడని ఒళ్ళు మండింది. పూలనీ కొవ్వొత్తినీ కాలితో తోసేశాను. రాయిని ముళ్ళపొదల్లోకి విసిరేశాను. వీడియో బాగా వచ్చింది.

తర్వాతి ఆదివారం ఆంటీ బయటి నుంచి వచ్చి, కోటు విప్పకుండానే కిచెన్‌లో కూర్చుంది.

"బాబూ, నువ్వు ఆ కొండకి వెళ్తుంటావు కదా. మా అమ్మ రాయి చూశావా? ఇవాళ వెళ్తే లేదు."

"ఏ రాయి ఆంటీ?"

"మొన్న సమాధుల పండగ కదా. ఊళ్ళో అయితే సున్నం వేసి, పూలు పెట్టి, కొవ్వొత్తులు వెలిగిస్తాం. అమ్మ పోయాక ఇదే మొదటిది. మట్టి చేసేది కూడా ఫోన్లోనే చూశాను. అందుకే ప్రెస్‌లో, అదే అలమారలో, మిగిలిన తెల్ల పెయింట్ ఓ రాయికి వేసి అక్కడ పెట్టా."

"శ్మశానం ఇక్కడే ఉందిగా?"

"ఆ సమాధులకి మనుషులున్నారు నాన్నా, ఏమన్నా అనుకుంటారు. దానికి ఎవరూ లేరు కదా అని."

చెప్పాల్సింది అప్పుడే. తెలీక చేశాను ఆంటీ అంటే, తిట్టి, ఏడ్చి, అన్నం పెట్టేదే. కానీ నన్నెవరో దొంగని పట్టుకున్నట్టు పట్టుకున్నారనిపించి, కోపంగా అన్నాను.

"కౌన్సిల్ వాళ్ళు తీసేసుంటారు. అలాంటిచోట ఏమీ పెట్టకూడదు. మళ్ళీ పెడితే గార్డ్స్ ఇంటికొస్తారు."

కౌన్సిల్ అంటే ఇక్కడి మున్సిపాలిటీ, గార్డ్స్ అంటే పోలీసులు. ఆమె మొహం పాలిపోయింది.

"నాకు తెలీదు బాబూ. నీ వీసాకి ఇబ్బందేం రాదుగా?"

నా వీసా గురించి అడిగింది.

ఆమె మళ్ళీ ఆ కొండెక్కలేదు. చర్చిలో తెలిసినవాళ్ళకి కూడా అక్కడేమీ పెట్టొద్దని చెప్పింది. రాయి విసరడం తెలియక చేసిన పని, సరే. ఆ అబద్ధం? తల్లికి దండం పెట్టుకునే ఒక్క చోటుకీ పోలీసుల భయం అంటించింది నేనే కదా? రెండుసార్లు పొదల్లో వెతికాను, చేతులు గీరుకున్నాయి, దొరకలేదు. దొరికినా, ఏ మొహంతో ఇచ్చేవాణ్ణి?

ఇప్పుడు వేరేచోట, శాండీఫోర్డ్‌లో ఉంటున్నాను. ఆమె చాట్ తెరుస్తాను, టైప్ చేస్తాను, చెరిపేస్తాను. ఇదంతా మీకు రాసి పంపినట్టు ఆమెకు పంపడం ఇంకా చేతకాలేదు. కౌన్సిల్ వాళ్ళెవరూ రాలేదు ఆంటీ. తీసింది నేనే.