ఆదివారం కూడా వచ్చిన అల

ఎదుటివాళ్ళ సంగతుల్లో తలదూర్చే జబ్బు నాకు చిన్నప్పటి నుంచీ ఉంది. జర్మనీలోని డార్మ్‌స్టాట్‌లో పరిశోధనకు చేరిన మొదటి వారంలోనే మా మేడమ్‌ని అడిగేశాను, కాంతి మీద ఈ పిచ్చి మీకు ఎలా పట్టుకుందని. ఆవిడది ఫిలిప్పీన్స్. కాంతిశాస్త్రంలో పెద్ద అవార్డు అందుకున్న శాస్త్రవేత్త. ల్యాబ్‌లో జర్మన్లందరూ ఆవిడను పేరు పెట్టి పిలిచేవారు. నాకు మాత్రం నోరు రాక మేడమ్ అనేశాను. ఆవిడ పగలబడి నవ్వారు. వాళ్ళ దేశంలోనూ అందరినీ అలాగే పిలుస్తారట. ఆ మాట చెవిన పడి చాలాకాలమైందన్నారు.

నా ప్రశ్నకు జవాబు కూడా చెప్పారు. "మా అమ్మమ్మ ఇంటి కిటికీలకు గాజు ఉండేది కాదు. పలుచటి ఆల్చిప్పలను పలకల్లా కోసి బిగించేవారు. వాటిలోంచి వెలుతురు లోపలికి వచ్చేది, వీధి మాత్రం వచ్చేది కాదు. వెలుతురు వచ్చినప్పుడు వీధి ఎందుకు రాదని అందరినీ అడిగి తిట్లు తిన్నాను."

ఆ ప్రశ్న పట్టుకునే ఆవిడ మనీలాలో ఫిజిక్స్ చదివారు. అక్కడ డిపార్ట్‌మెంట్ మొత్తానికి ఉన్నది ఒకే లేజర్. కరెంటు ఉన్నప్పుడు వంతులవారీగా వాడుకునేవారట. తర్వాత స్కాలర్‌షిప్ మీద జర్మనీ వచ్చారు. మసక పలకలోంచి వచ్చి చెల్లాచెదురైన వెలుతురును లెక్కలతో మళ్ళీ పోగుచేసి, అవతల ఏముందో చూపించే పద్ధతి కనిపెట్టారు. అవార్డు వచ్చింది దానికే. మొత్తానికి అమ్మమ్మగారి వీధిని ఇంట్లోకి తీసుకొచ్చారు.

అంత అవార్డు వచ్చినా ఆవిడ ఉద్యోగం కాంట్రాక్టుదేనని తెలిసి నేను నోరు వెళ్ళబెట్టాను. ఇక్కడ పరిశోధకుల్లో చాలామంది గతి ఇంతే. కాంట్రాక్టు ముగిసేలోగా పర్మనెంట్ పోస్టు దొరకాలి, లేకపోతే మూటాముల్లె సర్దుకోవాలి. మా సంస్థలో అలాంటి పోస్టు ఒకటి ఖాళీ అయింది. ఎంపిక కమిటీ ముందు ఆవిడ తన కొత్త పరిశోధన గురించి ప్రసంగించాలి. ఆవిడ ఈ దేశంలో ఉండేదీ ఉండనిదీ దాన్నిబట్టే తేలుతుంది.

కొత్త పరిశోధన ఏమిటంటే, వెంట్రుకంత సన్నటి గాజు తీగ, అదే ఫైబర్, భవనం కింద నేలలో పరిచి అందులోకి లేజర్ వెలుతురు పంపడం. నేల ఏమాత్రం కదిలినా తీగ సాగుతుంది. వెలుతురు అటు చివరకు చేరడం రవ్వంత ఆలస్యమవుతుంది. ఆ ఆలస్యాన్ని కొలవడం నా పని. కొన్ని వారాలు కొలిచాక ఒక వింత కనబడింది. రోజూ మధ్యాహ్నానికి కాస్త ముందు గ్రాఫ్‌లో గీత మెల్లగా ఉబ్బి, మళ్ళీ సద్దుమణిగేది. అచ్చం అలలాగే.

మేడమ్‌కి నిద్ర పట్టలేదు. ట్రామ్ వల్ల అనుకుంటే ట్రామ్‌లు పొద్దున్నుంచీ తిరుగుతూనే ఉంటాయి. ఎండ వల్ల అనుకుంటే మబ్బు రోజుల్లోనూ అల వచ్చేది. పోనీ మనుషుల వల్లనా? అదీ కాదు, ఆదివారం కూడా వచ్చేది. జర్మనీలో ఆదివారం ఆఫీసులో పురుగు కూడా ఉండదు కదా! ఇక మిగిలింది నేల అడుగున నీరు కదలడమే అనుకున్నాం. అదే నిజమైతే ఊరి కింద నీటిని వెలుతురుతో వినొచ్చు. ఈ సంగతి పొక్కి కమిటీ వాళ్ళు కూడా ఆసక్తిగా ఉన్నారని విన్నాం.

ఇక మా భోజనం గురించి చెప్పాలి. మెన్సాలో, అంటే యూనివర్సిటీ క్యాంటీన్‌లో, బంగాళదుంపలు తినీ తినీ మా ఇద్దరికీ ప్రాణం విసిగింది. మేడమ్ ఇంటి నుంచి రైస్ కుక్కర్ తెచ్చి ల్యాబ్ పక్కనున్న చిన్న వంటగదిలో పెట్టారు. కాంతి తరంగంలో వెయ్యో వంతు తేడా పట్టుకునే మనిషి, ఎసరు మాత్రం బియ్యం మీద వేలు ఆనించి మొదటి గణుపు దాకా పోసేవారు. మా అమ్మా అలాగే పోస్తుందని చెబితే ఆవిడ ముఖం వెలిగిపోయింది. ఆవిడ వండుకున్న చేపలు, నా పచ్చడి, వేడివేడి అన్నం. ఆదివారాలు ఆవిడ చర్చి నుంచి నేరుగా ల్యాబ్‌కే వచ్చేవారు. నేనూ వెళ్ళేదాన్ని, గదిలో ఒంటరిగా తినడం నాకు చేతకాదు.

ప్రసంగం దగ్గరపడుతుండగా శివరాత్రి వచ్చింది. మేడమ్ పనిమీద హాంబర్గ్ వెళ్ళారు. నేను ఉపవాసం ఉండి ల్యాబ్‌లో కూర్చున్నాను. ఆరోజు అల రాలేదు. గీత తాడు లాగినట్టు తిన్నగా ఉంది. పరికరం చెడిపోయిందనుకుని మేడమ్‌కి ఫోన్ చేశాను.

"ఈరోజు కొత్తగా ఏం చేశావు?" అన్నారు.

"ఏమీ చేయలేదు మేడమ్. కనీసం తిండి కూడా తినలేదు."

ఆవిడ మెల్లగా, "అన్నం వండలేదా?" అన్నారు.

మర్నాడు ఆవిడ వచ్చీ రాగానే కుక్కర్ పైన గోడకున్న తెల్లటి ప్లాస్టిక్ గొట్టం మూత తీశారు. మా గాజు తీగ అందులోంచే కిందికి వెళుతోంది. ఆవిరి సరిగ్గా దాని మీదికే కొడుతోంది. గాజు వేడెక్కినా వెలుతురు ఆలస్యమవుతుంది. అయినా ఆవిడ నమ్మలేదు. "మధ్యాహ్నం బ్రెడ్డు తిందాం. అన్నం సాయంత్రం నాలుగింటికి పెడదాం," అన్నారు. అలాగే పెట్టాం. అల నాలుగింటికి వచ్చింది.

ఆదివారం భవనం ఖాళీ అని మేం రాసుకున్నాం. భవనంలో మేమిద్దరం ఉన్నాం. మనుషుల లెక్కలో మమ్మల్ని మేమే మరిచిపోయాం.

నాకు దుఃఖం ముంచుకొచ్చింది. "ప్రసంగం అయ్యాక చెబుదాం మేడమ్, ఎవరికి తెలుస్తుంది?" అన్నాను. ఆవిడ కోప్పడలేదు. "నాకు తెలిసిపోయిందిగా," అని ఆ అన్నమే కంచంలో పెట్టిచ్చారు. రూమ్‌కి వెళ్ళి చెబితే, ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఉద్యోగం చేసే మా వరంగల్ రూమ్‌మేట్ నా మీద ఎగిరింది. "ఆమెకు పిచ్చి లేసిందా ఏందే? నౌకరి పోతదని తెల్సి గూడ చెప్తదా? నువ్వన్న ఆపవా?" ఆపడం నా వల్ల కాలేదు.

ప్రసంగం రోజు నేను వెనక వరసలో కూర్చున్నాను. మేడమ్ మొదట అల చూపించారు. ట్రామ్, ఎండ, ఆదివారం అన్నీ చెప్పుకొచ్చారు. ఆ తర్వాత తెర మీద కుక్కర్ ఫొటో వేశారు. హాలంతా గొల్లున నవ్వింది. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆవిడ మాత్రం వాళ్ళతో కలిసి నవ్వి, గొట్టం బయట తగిలిన ఆవిరిని సైతం ఈ తీగ పట్టుకుందని, అందుకే దీన్ని నమ్మవచ్చని అన్నారు. కమిటీలో ఒకాయన, "మరి ఇప్పుడు మీ ఫలితం ఏమిటి?" అని అడిగారు. "ప్రస్తుతానికి అన్నం," అన్నారు మేడమ్.

పోస్టు వేరేవాళ్ళకు ఇచ్చారు. ఆ సంగతి తెలిసిన రోజు ట్రామ్‌లో అందరూ చూస్తుండగానే ఏడ్చాను. మేడమ్ మాత్రం తన పాత యూనివర్సిటీకి రాసి, వాళ్ళ దేశంలో ఒక అగ్నిపర్వతం వాలు మీద ఫైబర్ పరిచే పని సంపాదించుకున్నారు. "ఇక్కడి నేల కదలనే కదలదు. కదిలే నేలను వదిలేసి ఇన్నాళ్ళూ ఇక్కడ కూర్చున్నాను చూడు," అన్నారు వెళ్ళేముందు. ఆ మాటతో నా బాధ తీరలేదు కానీ, ఆవిడ కళ్ళలో కొత్త ప్రశ్న కనబడింది. కుక్కర్ నాకిచ్చి వెళ్ళారు.

చాలా నెలల తర్వాత ఆవిడ నుంచి ఒక గ్రాఫ్ వచ్చింది. మాటలేమీ లేవు. గీత మెల్లగా ఉబ్బుతూ పోయింది, అచ్చం మా అలలాగే. నేను ఇంకేమీ ఆలోచించకుండా టైప్ చేశాను: "మేడమ్, దగ్గర్లో ఎవరైనా అన్నం వండుతున్నారా?"

జవాబు వెంటనే వచ్చింది. "నేనూ ముందు అదే చూశాను. కొండ మీది ఇళ్ళు నిన్ననే ఖాళీ చేయించాం. ఈసారి మనమిద్దరం కూడా లేము."