రోకలితో వచ్చినవాళ్లు

ట్యాంకరు నీళ్లు పోయించుకునే సంపు మీది మోటరును ఎవడో ఎత్తుకుపోయాక, మా ఆయన కాంపౌండు గోడ రెండు వరసలు లేపించి పైన సిమెంటులో సీసా పెంకులు గుచ్చించాడు. దొంగలు పడ్డ ఆర్నెల్లకు కుక్కలు మొరిగినట్టుందని వీధివాళ్లు నవ్వారు. అది చాలదు, కెమెరా కూడా పెట్టిద్దామన్నది మాత్రం నేనే. ఆయన తాడిపత్రిలో బండల పాలిషు ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు. పొద్దున్నే బస్సెక్కితే చీకటి పడ్డాకే బుక్కరాయసముద్రం చేరతాడు. పగలంతా ఇంట్లో నేనొక్కదాన్నే. భయం ఉండేది, అబద్ధం చెప్పను.

ఆ కెమెరాకు స్పీకరు కూడా ఉంది. ఆయన తాడిపత్రిలో కూర్చుని ఫోనులో మాట్లాడితే మా వాకిట్లో వినబడుతుంది. మొదట్లో మాకది ఆటగా ఉండేది. గోడ పక్కన ఉచ్చ పోయబోయినవాణ్ణి ఆయన "ఒరేయ్, గోడకు కండ్లుండాయి" అని అదరగొడితే వాడు పంచె పట్టుకుని పరిగెత్తాడు. ఆ వీడియో చూసి ఇద్దరం పొట్ట పట్టుకుని నవ్వాం. మధ్యాహ్నం పనయ్యాక నేనూ ఫోను ముందు పెట్టుకుని వీధిని చూస్తూ కూర్చునేదాన్ని. ఎవరింటికి ఎవరొచ్చారో, ఎవరి గడప ముందు ఎవరు ఎంతసేపు నిలబడ్డారో. సీరియల్ కన్నా బాగుండేది. మా ఇంటి గుట్టు కాపాడుకోవడానికి పెట్టుకున్న దానితో నేను పక్కిళ్ల గుట్టు చూశాను. ఇప్పుడు తలచుకుంటే సిగ్గేస్తుంది.

ఈ ఏడు శెనక్కాయ మొలిచింది గానీ, పూతకొచ్చే వేళకు వాన మొహం చాటేసింది. మా వీధి ఆడవాళ్లు కప్పతల్లిని ఎత్తారు. కప్పను తడిగుడ్డలో పెట్టి, వేపమండలతో రోకలికి కట్టి, ఇద్దరు చెరో కొస భుజాన పెట్టుకుని పాడుతూ ఇల్లిల్లూ తిరుగుతారు. ప్రతి ఇంటామె తన గడప ముందు ఆ కప్ప మీద బిందెడు నీళ్లు పోయాలి. ఎంత కరువైనా ఆ ఒక్క బిందె లేదనకూడదు. పోయని ఇంటి వల్ల వాన వెనక్కి పోతుందంటారు. నేను నల్లమాడ పిల్లను. చిన్నప్పుడు ఆ రోకలి వెనక తడిసి ముద్దయి తిరిగినదాన్నే.

పాట దగ్గరవుతుంటే గేటు బార్లా తీసిపెట్టి, ఇత్తడి బిందె తోమి లోపల నీళ్లు పడుతున్నాను. ముందు నడిచే ఆమె మాకు పాలు పోసే అక్క. మేం ఈ ఇంట్లోకి కొత్తగా దిగినప్పుడు, మా పొయ్యి వెలిగేదాకా అన్నం కూర తెచ్చిపెట్టిన మనిషి. తీసి ఉన్న గేటులోంచి, అందరిళ్లకూ వచ్చినట్టే వచ్చి, వాళ్లు సంపు మూత పక్కన నిలబడ్డారు.

అప్పుడే ఫ్యాక్టరీలో ఆయన ఫోను చూసుకున్నాడు. రాళ్లు కోసే మిషన్ల మోతలో పాట వినబడలేదు. అంత చిన్న బొమ్మలో వేపమండలు తెలియలేదు. ఆయనకు కనబడింది కొంతమంది ఆడవాళ్లు, సంపు మూత, ఒక రోకలి. సంపు తాళం పగలగొట్టడానికి వచ్చారనుకున్నాడు.

"ఏయ్, ఎవరు మీరు? సంపు కాడ ఏం పని? నీళ్లు ముట్టినారంటే పోలీసోళ్లను పిలుస్తా. పోండి బయటికి."

పాట ఆగిపోయింది. బిందె చంకనెత్తుకుని నేను బయటికొచ్చేసరికి అక్క తల పైకెత్తి కెమెరాతో మాట్లాడుతోంది.

"నీళ్లు ఎత్తుకపోయేకి రాలేదప్పా. పోయించుకునేకి వచ్చినాం."

తిట్టి ఉంటే బాగుండేది. రోకలి వెనక్కి తిప్పుకుని వెళ్లిపోయారు. వాళ్లలో ఒకామె కెమెరాకు కనబడకుండా కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుంది.

బిందెతో వెంటపడ్డాను. వీధి మలుపులో అందుకుని అక్కడే పోయబోతే అక్క చెయ్యి అడ్డం పెట్టింది.

"వీధిలో పోస్తే పోసినట్లు కాదమ్మా. మీ గడప ముందర పోయల్ల."

"అయితే మళ్లీ రాండక్కా. ఆయప్ప తెలీక అన్యాడు."

"తిరిగిన ఇంటికి కప్పతల్లి మళ్లీ పోదు. నీ తప్పేముండాది, పో."

నిండు బిందెతో వెనక్కి నడిచాను. అరుగుల మీద కూర్చున్నవాళ్లంతా చూస్తున్నారు. తల కొట్టేసినట్టయింది. ఆ నీళ్లు తెచ్చి మళ్లీ సంపులోనే పోసుకున్నాను.

ఇంటికొచ్చాక ఆయన అన్నం కలిపాడు గానీ తినలేదు. "దొంగలనే అనుకుంటి. కప్పతల్లి అని తెలిస్తే అంటానా?" అన్నాడు. మరుసటి పొద్దున పాలక్క ఇంటికి వెళ్లి తప్పయిందన్నాడు. ఆమె కాఫీ ఇచ్చి పంపింది. స్పీకరు ఆపేశాం. కెమెరా తీసేయడానికి మాత్రం ఇద్దరికీ మనసొప్పలేదు. మోటరు పోయిన ఇల్లు కదా అని ఒకరికొకరం చెప్పుకున్నాం.

తర్వాత వాన వచ్చింది, కానీ చెరువుకు అవతల పడింది. మా వీధిలో దుమ్ము కూడా అణగలేదు. "మీ ఆయన అరుపుకు భయపడి ఆపక్కే నిలబడిపోయిందేమో" అన్నారు ఆడవాళ్లు. నవ్వుతూనే అన్నారు. నేనూ నవ్వి, లోపలికొచ్చి ఏడ్చాను.

అప్పట్నుంచి పాలక్క గేటు తోసుకుని రావడం మానేసింది. బయటే ఆగి, తల ఎత్తి "పాలప్పా" అంటుంది, కెమెరాతో. స్పీకరు ఆపేశామక్కా అని చెబితే, "ఉండనీలేమ్మా, చూస్తానే ఉండాది గదా" అంది. ఎగతాళికి అనలేదు. చీపుర్లమ్మే ఆమె కూడా అలాగే చేస్తుంది. ఆమెకు ఎవరు చెప్పారో తెలీదు.

మొన్న మధ్యాహ్నం ఫోనులో గేటు ముందు ఎవరో కదిలారు. చూస్తే మా అమ్మ. చెప్పకుండా నల్లమాడ నుంచి బస్సెక్కి వచ్చింది. గేటుకు గొళ్లెం కూడా వేసి లేదు. అయినా అమ్మ దాన్ని తోయలేదు. సంచి కింద పెట్టి, మూతి విప్పి, లోపలిది కనబడేలా రెండు చేతులా పైకెత్తి పట్టుకుంది. పెదాలు కదులుతున్నాయి. నేను పరిగెత్తుకుని వెళ్లేసరికి ఆ మాటలు వినబడ్డాయి.

"నేనే నాయనా, మీ అత్తను. ఉలవలు, చింతపండు. ఇంకేం లేదు."

"అమ్మా, తోసుకోని రావల్ల గదా" అన్నాను. సంచికి చెయ్యి చాపాను.

"బస్సు కాడ చెప్పినారులే, మీ ఇంట్లోకి అడిగి పోవల్లని" అంది అమ్మ, సంచి ఇంకా దించకుండా. "అల్లుడు చూసినాడో లేదో. ఇంకొంచేపు ఉండనీ."