కాపలా కన్ను

రోజూ మిట్టమధ్యాహ్నం కెరూ ఎడమ కన్ను మూసి సగం నిద్రపోతాడు. తెరిచిన కుడి కన్ను పడవలొచ్చే దిక్కునే చూస్తుంటుంది. డాల్ఫిన్ల గూడెంలో కాపలా అంటే అదే. నిద్రలోనూ తోక అంచు సన్నగా వణుకుతుంటుంది. చెల్లెలు తీనువా ప్రసవించిన నాడు నీటి ప్రవాహం అతణ్ణి మెల్లగా తిప్పేసింది. మూసిన కన్ను పడవల వైపు పడింది. పుట్టిన బిడ్డను తల్లి మొదటి ఊపిరి కోసం పైకి నెట్టబోతే, నెత్తిన వల!

"అన్నా, నా బిడ్డకు ఊపిరాడదు!" అని తీనువా అరిచింది.

"రెండు కళ్ళూ మూసుకోకపోయావా నాయనా, హాయిగా నిద్రపట్టేది!" అంది మంత్రసాని ముసలమ్మ.

కెరూ ఒక్క ఊపున వల దగ్గరికి దూసుకెళ్ళాడు. వల అంచు కింద దూరి, వీపుతో నీటిపైకి ఎత్తి పట్టాడు. తాళ్ళు రెక్కను కోస్తున్నా కదల్లేదు. ఆ సందులోంచి తల్లితో పాటు పైకి తేలిన బిడ్డ ఫుస్సుమని ఊపిరి తీసింది.

ఆ పిల్ల ఇప్పుడు సొంతంగా చేపలు పడుతోంది. కెరూ ఇంతవరకూ తీనువా ఎదుట పడలేదు.