బెంచీ మీద తువ్వాలు

అనంతపురం శివారులో, చెరువుగట్టు పార్కుకు రోజూ ఒక పెద్దాయన వచ్చేవాడు. బస్సులో సీటు ఆపినట్టు, బెంచీ మీద తన పక్కన తువ్వాలు వేసి కూర్చునేవాడు. చెరువేమో ఎండిపోయింది, పార్కులో కాకి కూడా లేదు, ఈయన సీటు ఎవరికోసమని నాకు నవ్వొచ్చేది. ఒకరోజు అడిగేశాను.

"నిండిన చెరువు చూడల్లని మా ఇంటామెకు శానా ఆశ ఉండె. నిండకముందే పోయిందప్పా," అన్నాడు.

ఆ ఏడాది వానలకు చెరువు నిండింది. పార్కు నిండా జనం. చంకలో బిడ్డతో ఒకామె వచ్చి, "పెద్దాయనా, ఆ తువ్వాల తీస్తే కూచుంటా," అంది.

"ఈడ కూచో తల్లీ," అంటూ తన చోటిచ్చి లేచాడు.

గాలికి లేస్తున్న తువ్వాలును చేత్తో అదిమిపట్టి, చీకటి పడేదాకా నిలబడే ఉండి నీళ్లు చూశాడు.