గౌరునాయుడు మాస్టారు నన్ను దించేసిన ఫైనల్

మొన్న ఉదయం ఎచ్చెర్ల మైదానంలో విద్యార్థినుల చేత కసరత్తు చేయిస్తుండగా గరివిడి నుంచి ఫోను వచ్చింది. "అమ్మీ, మాస్టారు పోనారు. గుండె ఆగిపోనాది" అన్నాడు ఆయన తమ్ముడు. ఆ దుర్వార్త విని పిల్లలను పంపేసి గరివిడి బస్సెక్కాను.

గౌరునాయుడు గారు గరివిడి కర్మాగారంలో ఫిట్టరు. యౌవనంలో అక్కడి ఫుట్‌బాల్ జట్టుకు నాయకుడు. తర్వాత మా ఆడపిల్లల జట్టుకు గురువు. ఇంగ్లండు జట్టు కెప్టెన్ల జీవితాలే ఆయనకు నిత్యపారాయణం. ఎవరు ఏ క్లబ్బులో మొదలుపెట్టారో, ఎవరి మోకాలు ఎప్పుడు దెబ్బతిన్నదో పత్రికల ముక్కలు చూపించి చెప్పేవారు. వృద్ధాప్యంలో కన్నబిడ్డల పేర్లే మరచిపోయిన పాత ఆటగాళ్ల ప్రస్తావన వస్తే మాత్రం ఆ ముక్కలు మడిచి పక్కన పెట్టేసేవారు. "బంతిని తలతో కొట్టీ కొట్టీ అలగయిపోనారే. ఎలా గెలిసారో అందరూ సెప్తారు. తర్వాత ఏటయ్యారో కూడా తెలుసుకోవాల" అనేవారు. ఆ వయసులో నాకా మాట పట్టలేదు.

ఎనిమిదేళ్ల కిందట విజయనగరంలో జిల్లా ఫైనల్. నేను కెప్టెన్ని. గెలిస్తే రాష్ట్రజట్టు ఎంపికకు పిలుపు వస్తుంది. ఒక్క గోలు ఆధిక్యం. పది నిమిషాల ఆట మిగిలింది. కార్నర్ బంతికి ఎగిరినప్పుడు ప్రత్యర్థి తల నా తలకు బలంగా తగిలింది. లేచి నిలబడ్డాను. మాస్టారు పరుగున వచ్చారు.

"స్కోరెంతే?"

"ఒకటి, సున్నా. నాకేటీ అవలేదు మాస్టారూ."

"గోలు ఎవులు కొట్టినారు?"

చెప్పలేకపోయాను. ఆ గోలు కొట్టింది నేనే.

మార్చుకోవడానికి మరో ఆటగత్తె లేదు. నన్ను దించితే పదిమందే మిగులుతారు. "ఒగ్గీండి మాస్టారూ, ఆడతాను" అని ఏడ్చాను. ఆయన నా చేతికున్న కెప్టెన్ పట్టీ విప్పి గోల్‌కీపర్‌కు ఇచ్చేశారు. "కప్పు మళ్లీ వస్తాది. నువ్వు రావే" అన్నారు. మా ఊరి జనమే తిట్లు లంకించుకున్నారు, నీళ్ల సీసాలు విసిరారు. తన వీపు అడ్డుపెట్టి నన్ను బయటికి నడిపించుకుపోయారు.

మా జట్టు ఓడిపోయింది. ఆస్పత్రిలో స్కాన్ తీస్తే తలలో రక్తం గడ్డకట్టిందని తేలింది. ఇంకో దెబ్బ తగిలుంటే దక్కేది కాదన్నారు డాక్టరు. శస్త్రచికిత్స జరిగింది. ఇక ఆడకూడదన్నారు.

ప్రాణం దక్కిన సంతోషం కన్నా ఆట పోయిన కోపమే నాకు పెద్దదైంది. ఏడాదిపాటు ఆయనతో మాట్లాడలేదు. ప్రతి ఆదివారం వచ్చి, "పాప తలనొప్పంటందా?" అని గుమ్మంలోనే మా అమ్మను అడిగి వెళ్లిపోయేవారు. ఒకనాడు తలుపు తీసి, నా బతుకు పాడుచేశారని నోటికొచ్చినట్టు అనేశాను. అంతా విన్నారు. "తిట్టు అమ్మీ. తిట్టడానికి నువ్వున్నావు, నాకది సాలు" అన్నారు. ఆయన చేతులు పట్టుకొని ఏడ్చాను. వ్యాయామ ఉపాధ్యాయ శిక్షణ దరఖాస్తు మరుసటి వారం ఆయనే తెచ్చి నింపించారు.

నిన్న అంత్యయాత్రకు శిష్యురాళ్లమంతా చేరాం. ఆడవాళ్లు పాడె మోయకూడదని పెద్దలు అడ్డుపడ్డారు. మాస్టారి భార్య లేచి నిలబడి, "ఆయన పెంచిన పిల్లలు. ఆళ్లనే మొయ్యనీండి" అన్నారు. పెద్దలు పక్కకు తప్పుకున్నారు. ముందు కొమ్ము నేనెత్తుకున్నాను. నాకు పునర్జన్మ ప్రసాదించిన ఆ మహనీయునికి చివరికి నేనివ్వగలిగింది శ్మశానం దాకా ఈ భుజం మాత్రమే.