బొట్టు పెట్టిన వీడియో గేమ్

పాత వీడియో గేములు పోగేసేవాళ్లలో రెండు పార్టీలున్నాయి: ఆడేవాళ్లది ఒకటి, దాచేవాళ్లది ఒకటి. ఒక్క కడుపున పుట్టిన మేమిద్దరం చెరో పార్టీలో పడ్డాం.

నేను ఉండేది సూర్యాపేటలో. ఆత్మకూరు బళ్లో లెక్కలు చెబుతాను. టీవీకి తగిలించుకునే పాత గేము ఎక్కడ కనబడినా, డబ్బా లేకపోయినా, రిమోటు మీద బటన్లు అరిగిపోయినా, పనిచేస్తే చాలు, తెచ్చుకుంటాను. గేము క్యాసెట్ అంచున ఉండే రాగి గీతల్ని పెన్సిల్ రబ్బరుతో రుద్ది, ఉఫ్ మని ఊది పెడితే బొమ్మ వస్తుంది. అలా ఊదితే నోటి తడికి తుప్పు పడుతుందని తమ్ముడు నన్ను ఎన్నిసార్లు తిట్టాడో. ఊదకుండా పెడితే నాకు ఆట మొదలైనట్టే ఉండదు.

తమ్ముడికి కోదాడలో సెల్‌ఫోన్ల దుకాణం. సరిహద్దుకు అటు, ఆంధ్రా పిల్లను చేసుకున్నాక వాడి మాట కూడా కొంచెం అటే ఒరిగింది. వాడి అద్దాల అల్మారాలో ఉన్నవన్నీ సీలు విప్పని డబ్బాలే. చేతులు కడుక్కుని, ఆరబెట్టుకుని గానీ దాని తాళం తీయడు.

"ఒకసారి విప్పితే అది కూడా నీ ఇంట్లో వాటిలాంటిదే అయిపోతుందక్కా" అంటాడు.

"ఇప్పకుంటే లోపల గేమున్నదో ఇటుకున్నదో నీకెట్ల తెలుస్తదిరా" అంటాను నేను.

వాడు నా ఇంటిని పాతసామాన్ల కొట్టు అంటాడు. నేను వాడి అల్మారాను శవాల గది అంటాను. మా ఇద్దరికీ తెలిసిన ఇంకో మనిషి మిర్యాలగూడలో ఉన్నాడు, టీవీలు బాగుచేస్తాడు. ఆయనకు చెడిపోయిన గేములే కావాలి. విప్పి లోపల ఏముందో చూసుకుంటూ కూర్చోవడమే ఆయన ఆట. మా ముగ్గురిలో నేనొక్కదాన్నే తిన్నగా ఉన్నదాన్నని నా నమ్మకం. మిగతా ఇద్దరూ తమ గురించి అలాగే అనుకుంటారని తర్వాత తెలిసింది.

అమ్మ నా దగ్గరే ఉంటుంది. కుట్టుమిషన్ తొక్కి మమ్మల్ని పెంచిన మనిషి. చిన్నప్పుడు మాకు టీవీ గేము కొనిచ్చింది కూడా ఆమే. అది అరిగేదాకా ఆడి పాడుచేశాం. పెద్దయ్యాక తమ్ముడు ఎక్కడెక్కడో వెతికి సరిగ్గా అదే గేము, సీలు విప్పనివి, మూడు సంపాదించాడు. వాటిని చూస్తే నాకు ఎంత ఆశపుట్టేదో, అంత కోపం వచ్చేది.

మొన్న దసరాకు ముందు వాడి ఇంటికి రంగులు వేస్తున్నారు. దుమ్ము పడుతుందని ఆ మూడింటిలో అన్నిటికంటే మంచిదాన్ని తెచ్చి నా బీరువా మీద పెట్టాడు. దాన్ని హైదరాబాద్‌లో ఒకాయనకు ఇచ్చి, బదులుగా ఎప్పటినుంచో వెతుకుతున్న గేము ఒకటి తెచ్చుకోవాలని మాటైంది. "అమ్మా, దీన్ని దులపను కూడా దులపొద్దు" అని చెప్పి మరీ వెళ్లాడు.

దసరా పొద్దున అమ్మ ఇంట్లో పనిచేసే ప్రతిదానికీ బొట్టు పెడుతుంది. స్కూటీ, మిక్సీ, కత్తిపీట, కుట్టుమిషన్, నా గేములు, ఏదీ తప్పించుకోలేదు. నేను గుమ్మానికి బంతిపూల తోరణం కడుతున్నాను. లోపల అమ్మ బీరువా మీది డబ్బా దించింది. తడి పసుపు ప్లాస్టిక్ కవరు మీద నిలవకుండా జారిపోయింది. కత్తెర తెచ్చి, ఆ కవరును అంచు వెంట ఎంతో పొందికగా కోసి, తీసి, దేనికైనా పనికొస్తుందని మడిచి పరుపు కింద పెట్టి, అట్ట మీద పసుపు రాసి, కుంకుమ అద్దింది.

నేను చూసి నెత్తి కొట్టుకున్నాను. అమ్మ మాత్రం తొణకలేదు.

"వాడు దులపొద్దన్నడు, దులపలే. అన్నిటికి పెట్టి అదొక్కదాన్ని ఇడిసిపెడ్తమా? మనింటికొచ్చిన సామానాయె."

సాయంత్రం తమ్ముడు జమ్మి ఆకు పట్టుకుని వచ్చాడు. అమ్మ చేతిలో పెట్టి, కాళ్లు మొక్కి, లేచి బీరువా వైపు చూశాడు. అరుస్తాడనుకున్నాను. అరవలేదు. "అయిపోయింది" అని ఒక్క మాట అని, మంచినీళ్లు కూడా ముట్టకుండా వెళ్లిపోయాడు.

కవరు పోతే దాని విలువ పోతుందని అమ్మకు వివరంగా చెప్పాను. అమ్మకు నవ్వొచ్చింది. "కవరుకే గింత అలకనా? లోపలిది మంచిగున్నది కదా. పెట్టి చూపిస్తే వాడే వస్తడు తియ్యి" అంది.

టీవీకి తగిలించాను. లైటు వెలగలేదు. వైర్లు మార్చాను, నా దగ్గరున్న ఇంకో అడాప్టరు పెట్టాను. ఉలుకూ పలుకూ లేదు. అమ్మ తన వేళ్ల వైపు చూసుకుంది.

"నా చెయ్యి తడిగుండె" అంది మెల్లగా.

అసలు కష్టం అక్కడ మొదలైంది. తడి తగిలితే పాడవుతాయని తమ్ముడు నన్ను తిట్టడం అమ్మ విననిది కాదు. అట్ట మీది పసుపు లోపలి మిషన్‌దాకా ఎట్లా పోతుందని నేను ఎంత చెప్పినా చెవిన పెట్టలేదు. మిక్సీ ముట్టుకోవడం మానేసింది. కుట్టుమిషన్‌కు గుడ్డ కప్పింది. టీవీ పెట్టాలన్నా "నువ్వే పెట్టు, నా చెయ్యి మంచిది కాదు" అనేది. తమ్ముడు ఫోన్ చేస్తే, ఏ మొఖం పెట్టుకుని మాట్లాడాలంటూ నా చేతికిచ్చేది. ఇద్దరు పిల్లల్ని సాకిన చేతుల్ని అలా ఒళ్లో ముడుచుకుని కూర్చునేది.

తమ్ముడికి అంతా చెప్పాను. ఇన్నేళ్లు చచ్చిన మిషన్‌కు కాపలా కాశానని వాడికి అప్పుడే తెలిసింది పాపం. తర్వాత, "అమ్మ మిక్సీ కూడా ముట్టుకోవట్లేదా?" అని అడిగాడు.

ఆదివారం నేను బస్సులో, వాడు నేరేడుచర్ల మీదుగా బండి మీద మిర్యాలగూడ చేరాం. టీవీలాయన మిషన్ విప్పాడు. లోపల ఒక భాగం ఉబ్బి, పగిలి, కారినది ఎండి ఆకుపచ్చగా పేరుకుపోయి ఉంది.

"ఇది నిన్న మొన్న పోయింది కాదు. వాడక వాడక, కూసున్న కాడనే పోయింది" అని, ఆశగా "నాకిచ్చిపోతరా?" అన్నాడు.

అమ్మ ఆ మాటా నమ్మలేదు. "మీ ముగ్గురు కూడబలుక్కున్నరు" అంది.

మరుసటి వారం తమ్ముడు మిగిలిన రెండు డబ్బాలూ సంచిలో వేసుకుని వచ్చాడు. అమ్మను టీవీ ముందు కూర్చోబెట్టాడు.

"అమ్మా, వీటికి నువ్వు బొట్టు పెట్టలేదు. తడి చెయ్యి తగల్లేదు. వీటిలో ఏదైనా పాడై ఉంటే, ఆ దసరా నాటిది కూడా తనంత తానే పాడైనట్టు. ఒప్పుకుంటావా?"

"వద్దు బిడ్డా. ఉన్నయన్న ఉండనియ్యి" అంది అమ్మ.

విప్పు విప్పు అని ఇన్నేళ్లు వాడి ప్రాణం తీసిన నేను కూడా "ఒరే, జర ఆలోచించుకో" అన్నాను. వాడు వినలేదు. గోరుతో సీలు చీల్చాడు.

మొదటిది ఠక్కున వెలిగింది. టీవీ నిండా రంగులొచ్చి, మా చిన్నప్పటి పాట మోగింది. ఇంకెప్పుడైనా అయితే ఇద్దరం ఎగిరి గంతేసేవాళ్లం. ఇప్పుడు తమ్ముడు గబగబా రెండో డబ్బా కోసం సంచిలో చెయ్యి పెట్టాడు.

"చూసినవా, మంచిగుంచితే మంచిగనే ఉంటయి" అంటూ అమ్మ లేచింది.

వాడు కొంగు పట్టుకుని ఆపి రెండోది చింపాడు. ఆ తొందరలో అట్ట కూడా చిరిగింది. వైర్లు తగిలించి, స్విచ్చి నొక్కేముందు కళ్లు మూసుకున్నాడు. వాడు ఏమని మొక్కుకుంటున్నాడో నాకు తెలుసు. నేనూ అదే మొక్కుకున్నాను.

లైటు వెలగలేదు. ఇందాక వెలిగినదాని అడాప్టరే తీసి పెట్టాడు. అయినా వెలగలేదు.

"పోయింది! అమ్మా, ఇది కూడా పోయింది!" అని వాడు చప్పట్లు కొడుతూ లేచాడు. నేనూ అరిచాను. ఆ చచ్చిన మిషన్ చుట్టూ నడివయసు మనుషులం ఇద్దరం పెళ్లి ఇంట్లో పిల్లల్లా గోల చేశాం.

"సామాను ఖరాబైతే గిట్ల సంబురపడ్తరా? ఎవరన్న సూస్తే నవ్వుతరు" అంది అమ్మ. అని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. అన్నాళ్లూ ఆమె ఏడవలేదని నాకప్పుడే గుర్తొచ్చింది. తమ్ముడు పక్కన కూలబడి, ఆమె చెయ్యి తీసి తన నెత్తి మీద పెట్టుకున్నాడు.

కాసేపటికి అమ్మ ముక్కు తుడుచుకుంది.

"నడిచేదాన్ని మళ్ల పెట్టుర్రి" అంది. "ఎట్ల ఆడాలెనో నాకు గూడ చెప్పు."

చెయ్యి చీరకు బాగా తుడుచుకుని, రిమోటు కోసం చాపింది.